నీలం రాని నూనె

మొన్న మా కోడలు మనవరాలిని ఎత్తుకొని అంగన్‌వాడీకి పోతుంటే నేనూ వెంట వెళ్ళాను. అక్కడ పిల్లలకు కంటిచూపు కోసమని నారింజరంగు మందు చెంచాతో పోస్తున్నారు. మందు పోసే అమ్మాయి మాటల్లో పడి, మూత తీసిన సీసాను కిటికీలో పెట్టింది. కిటికీ నిండా ఎండ. నేను ఎవరినీ అడగలేదు. లేచి వెళ్ళి మూత బిగించి, సీసాను గోడ నీడకు జరిపి, పైన నా చేతిరుమాలు కప్పాను. ఆ అమ్మాయి నవ్వింది.

"ఏంది పెద్దమ్మా, మందుకు గూడ ఎండదెబ్బ తగుల్తదా?"

"తగుల్తది బిడ్డా" అన్నాను.

ఇంటికి వచ్చాక, సీసాల మీదికి వంగి "మూత! మూత!" అని అరిచే ఆ పొడుగాటి మనిషి రోజంతా కళ్ళముందే తిరిగాడు.

ఆయన పేరు రాయను. పోయిన మనిషి మీద నా మూలంగా కొత్తగా మాట పడటం ఇష్టం లేదు. అందరూ ఆయనను కంపౌండర్ సాబ్ అనేవారు, నేను ఉత్త సాబ్ అనేదాన్ని. నాగర్‌కర్నూలు తాలూకాలో ఒక చిన్న దవాఖాన. నేను వనపర్తి దగ్గర కూలిచేసుకునే క్రైస్తవుల ఇంట పుట్టి, మిషను వాళ్ళ దగ్గర నర్సు పని నేర్చుకొని, మొట్టమొదట అక్కడ చేరాను. అవి యుద్ధం రోజులు. దవాఖానలో డాక్టరు గారు, కంపౌండర్ సాబ్, నేను, ఊడ్చే ముసలామె, అంతే మనుషులం.

సాబ్‌ది ఆత్మకూరు. పట్నంలో రసాయనశాస్త్రం చదువుతుండగా తండ్రి చనిపోతే, చదువు సగంలో వదిలి వచ్చి కంపౌండర్ అయ్యాడు. కుడిచేతి వేళ్ళ మీద యాసిడ్ మచ్చలుండేవి. మాట్లాడేటప్పుడు ఆ వేళ్ళను ఎడమచేత్తో కప్పుకొనేవాడు, సిగ్గుపడినట్టు. మందుల గదికి ఉన్న ఒక్క కిటికీకి గోనెపట్టా దిగేసి పెట్టేవాడు. తన భార్య పాత బురఖాను కత్తిరించి సీసాలకు నల్ల తొడుగులు కుట్టించాడు. "మా ఇంట్ల నాకంటె ఆయన సీసాలకే పరదా ఎక్కువ" అని ఆమె నాతో చెప్పి నవ్వేది.

పొద్దు గూకే వేళ ఆయన వరండాలోకి వచ్చి నిలబడేవాడు. జేబులో పుట్నాలు ఉండేవి. తల్లుల వెంట వచ్చిన పిల్లలను ఎదురుగా నిలబెట్టి, "పట్టుకో బిడ్డా!" అని ఒక్కొక్క గింజ విసిరేవాడు. పట్టుకున్నవాడికి గుప్పెడు పుట్నాలు ఇచ్చేవాడు. పట్టుకోలేక నేలమీద అరచేతులతో తడుముకునే పిల్లలకూ గుప్పెడే ఇచ్చేవాడు. కాకపోతే అప్పుడు నా వైపు చూసి కొంచెం తల ఆడించేవాడు. ఆ పిల్లకు రేచీకటి అన్నమాట. మరునాటి నుంచి చేపనూనె పోయాలన్నమాట.

ఆ నూనె అంటే ఆయనకు ఒక రకమైన పిచ్చి. ఒకనాడు మధ్యాహ్నం రోగులెవరూ లేనప్పుడు నన్ను మందుల గదిలోకి పిలిచాడు. సన్నటి గాజుగొట్టంలో రెండు చుక్కల చేపనూనె, కొంచెం క్లోరోఫాం వేశాడు. తర్వాత బిరడా బిగించి దాచుకున్న చిన్న సీసా తీశాడు. పట్నం నుంచి తెచ్చుకున్నదట.

"సుర్మా ఉంటది సూడు సిస్టర్, కండ్లకు పెట్టుకునేది. దాంట్ల ఉండే ధాతువుతోటే చేస్తరు దీన్ని. ఇగ రెప్ప కొట్టకు."

చుక్క పడింది. గొట్టం అంతా నీలమైపోయింది. అంత నిండైన నీలం నేను చీరలలో కూడా చూడలేదు. అబ్బా అనేలోపే పలచబడి, వెలిసి, ఏమీ లేకుండా పోయింది. ఆయన ముఖం మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది.

"నీలం వచ్చిందంటే నూనెల పాణం ఉన్నట్టు" అన్నాడు.

అదెట్లా అని అడిగాను. ఆయన చదువంతా ఉర్దూలో. తెలుగు మాట కోసం కాసేపు వెతుక్కొని, గోనెసంచి అంచు నుంచి పురికొస లాగి ముడులు వేయడం మొదలుపెట్టాడు.

"ఈ ముడులు బొగ్గు కణాలనుకో. ఒకదాని పక్క ఒకటి దండ లెక్క ఉంటయి. ఈ రెండిటి నడుమ రెండు పేటల దారం. దాని పక్కన ఒక్క పేట. మల్ల రెండు, మల్ల ఒకటి. రెండు పేటలున్నకాడ పట్టు ఎక్కువ, గాని ఇంకేదన్న వస్తే ఒక పేట ఇడిచి దాన్ని కలుపుకుంటది. రెండు పేటలు దూరం దూరం ఉంటె దేని బతుకు దానిది. గిట్ల ఒకటి ఇడిచి ఒకటి ఉన్నయనుకో, అప్పుడు అవి ఒక్క తావున నిలవయి. దండంత పాకుతయి. ఈ కొసకు తాకితె ఆ కొసకు తెలుస్తది. గందుకే ఆ దండ వెలుగును పట్టుకుంటది. మన కంటిల పనిచేసేది గదే."

"మరి ఎండ అంటే ఎందుకు సాబ్ మీకంత భయం?"

ఆయన పురికొసను వేలికి చుట్టుకున్నాడు.

"ఏ గుణంతోటి వెలుగును పట్టుకుంటదో, ఆ గుణంతోటే చెడుతది సిస్టర్. ఎండకు, గాలికి పెట్టినమంటె ఆ గాలి దాన్ని ఏదో ఒక తావున కొరుకుతది. నడుమ పేట తెగితె పెద్ద దండ పోయి రెండు చిన్న దండలైతయి. నూనె సూస్తె నూనె లెక్కనే ఉంటది. తాగితె తాగినట్టే ఉంటది. కంటికి మాత్రం పనిచెయ్యదు."

చాలా ఏళ్ళకు మా అబ్బాయి కాలేజీ పుస్తకంలో 'సంయుగ్మ ద్విబంధాలు' అన్న పాఠం కనబడితే కూర్చొని చదివాను. ఒకటి విడిచి ఒకటి జంట గీతలు. ఇవతలి కొసకు ఒకటి అంటుకుంటే రెండోది అవతలి కొసకు అంటుకుంటుందని, జంటగీత నడుమకు జరుగుతుందని ఉంది. సాబ్ పురికొసతో చెప్పిందే. పుస్తకంలో అది చల్లగా, ఎవరికీ ఏమీ జరగనట్టు ఉంది.

ఆ మరుసటి ఏడాది వానలు పడలేదు. బావులు అడుగంటాయి. ఆకుకూర అన్నది కంటికి కనబడలేదు. జొన్న గటక, అదీ ఒక పూట. సముద్రం దాటి సీమ నుంచి వచ్చే చేపనూనె యుద్ధం మూలంగా ఆగిపోయింది. పుట్నాలు పట్టుకోలేని పిల్లలు రోజురోజుకూ ఎక్కువయ్యారు. సాబ్ ప్రతి తల్లికీ ఒకటే చెప్పేవాడు: "మునగాకు ఉంటె మునగాకు, తుమ్మికూర ఉంటె తుమ్మికూర, ఏ పచ్చాకు దొరికినా ఉడకబెట్టి జర నూనె ఏసి పెట్టు. మేక కార్జం దొరికితె ఇంగ మంచిది." కొందరు వినేవారు, కొందరు ఆకులు తింటే కళ్ళొస్తాయా అని నవ్వేవారు.

అప్పుడు నూనె వచ్చింది. తీరప్రాంతంలో కొత్తగా తీస్తున్న సొరచేప నూనె, గడ్డి చుట్టిన పెద్ద గాజు జాడీలలో. రైలు దిగాక బండ్లు దొరక్క ఎండాకాలమంతా ఆరుబయట పడి ఉన్నాయట. దారిలో ఎవరో మూతలు తెరిచి చూసి, గుడ్డలు కుక్కి పంపారు. సాబ్ జాడీ మూతి దగ్గర ముక్కు పెట్టి ముఖం చిట్లించాడు. కానీ అది ఏనాడు మంచి వాసన కొట్టింది గనుక? పరీక్ష చేద్దామంటే పట్నం సీసాలో తేమ చేరి మందు పాడైపోయింది.

డాక్టరు గారు చెడ్డవారు కాదు. వరండా నిండా ఉన్న పిల్లలను చూపించి, "ఇన్ని దినాలు నూనె లేదని ఏడిస్తిమి. వచ్చింది గద, ఇయ్యి" అన్నారు. సాబ్‌కూ ఇవ్వాలనే ఉంది. ఆ రోజు ఆయన అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు. ఒక్కొక్క తల్లికీ "ఇగ ఫికర్ లేదమ్మా, అసలు మందు వచ్చింది" అని చెప్తూ తన చేత్తో పోశాడు.

వచ్చేవాళ్ళలో అంజమ్మ అని ఒక పిల్ల ఉండేది. తిమ్మాజిపేట అవతల చిన్న పల్లె. తండ్రి చెరువు పనులకు వలస పోయాడు. తల్లి చంకలో కొడుకును పెట్టుకొని, అంజమ్మను చెయ్యిపట్టి నడిపించుకొని వారం వారం వచ్చేది. ఆ పిల్లకు గింజలు పట్టుకోవడం ఆట. కనబడకపోయినా రెండు చేతులూ దోసిలి చేసి, "ఏయ్ సారూ, చేతులకే ఇసురు!" అనేది. సాబ్ గురిచూసి దోసిట్లో పడేటట్టు వేసేవాడు. పడితే ఆ పిల్ల పకపకా నవ్వేది. తనకు కళ్ళొచ్చాయని నమ్మేది.

వారాలు గడిచాయి. అందరికంటే ముందు సాబ్ నవ్వడం మానేశాడు. పొద్దుగూకే వేళ గింజలు విసిరేవాడు, అవి నేల మీదే పడేవి. నూనె తాగుతున్న పిల్లలు ఒక్కరూ పట్టుకోవడం లేదు. "ఏదో తప్పున్నది సిస్టర్" అన్నాడు ఒకనాడు. డాక్టరు గారినడిగి సెలవు పెట్టి పట్నం వెళ్ళాడు, పరీక్ష మందు తెచ్చుకోవడానికి.

ఆయన అక్కడ ఉండగానే అంజమ్మకు తట్టు పోసింది. జ్వరం తగ్గేసరికి పిల్ల రెండు కళ్ళూ పాలపొర కమ్మినట్టయి, తర్వాత మెత్తబడిపోయాయి. తల్లి ఎత్తుకొని పరుగెత్తుకొచ్చింది. డాక్టరు గారు రెప్పలు విప్పి చూసి, వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

సాబ్ తిరిగి వచ్చిన మధ్యాహ్నం కూడా నన్ను మందుల గదిలోకి పిలిచాడు. అవే గొట్టాలు, అదే క్లోరోఫాం. చుక్క వేశాడు. నేను రెప్ప కొట్టలేదు. మురికి నీళ్ళ రంగు తప్ప ఏమీ రాలేదు. ఇంకో జాడీలోంచి తీశాడు, మరొక దానిలోంచి తీశాడు. సగం మందు బల్ల మీద ఒలికింది. చివరికి తొడుగులోంచి పాత సీమ సీసా తీసి, అడుగున మిగిలిన తడిని కడిగి వేశాడు. గొట్టం నీలమైంది. పరీక్ష తప్పు కాదు.

ఆయన డాక్టరు గారిని పిలిచి గొట్టాలు చూపించాడు.

డాక్టరు గారు విని, తలుపు దగ్గరికి వేసి మెల్లగా అన్నారు: "తట్టుతోటి పోయినయని చెప్పు. అది అబద్ధం గూడ కాదు. తట్టు లేకుంటె ఇంత జల్ది పోయెటివి కావు."

"తట్టు ఎందరికో పోసింది డాక్టర్ సాబ్. అందరివి పోలేదు."

"నిజం చెప్తే పిల్లకు కండ్లొస్తయా?"

సాబ్ తలుపు తీసుకొని వరండాలోకి వెళ్ళాడు. అక్కడ స్తంభానికి ఆనుకొని, కళ్ళకు గుడ్డ కట్టిన అంజమ్మను ఒళ్ళో పెట్టుకొని తల్లి కూర్చొని ఉంది. ఆయన ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చుట్టూ ఇంకా తల్లులున్నారు.

"అమ్మా, నేను ఇన్ని దినాలు పోసింది మందు కాదు. అది ఎండకు చెడిపోయిన నూనె. దాంట్ల ఏం లేదు. పరీక్ష చెయ్యకుంట పోసిన. పిల్ల కండ్లు నా మూలంగనే పోయినయి."

ఆమె పిల్ల కళ్ళ మీది గుడ్డ సర్దింది. అర్థం కాలేదేమో అనుకున్నాను. తర్వాత చాలా మామూలు గొంతుతో అడిగింది.

"మా పెరట్ల మునగచెట్టు ఉండె సారూ. చేదబాయి నీళ్ళు పోసి బతికిచ్చిన దాన్ని. నువ్వు మునుపు ఆకు పెట్టుమంటె పెడుతుంటి. మల్ల అసలు మందు వచ్చింది, ఫికర్ లేదంటివి. ఇగ ఆకెందుకని తెంపి మేకకేస్తి. అయితే ఆకే పెట్టాల్సుండెనా?"

సాబ్ తల వంచుకొనే "పెట్టాల్సుండె" అన్నాడు.

అప్పుడు ఆమె గొంతు పగిలింది. "ఎందుకు చెప్తివి సారూ? తట్టుతోటి పాయె, నా నుదురు గిట్లున్నది అనుకుంటుంటి. ఏడ్సి ఊకుంటుంటి. ఇప్పుడు దినాం ఆ చెట్టును సూసుకుంట ఎట్ల బతకాలె? నువ్వు చెప్పి బరువు దించుకొని అల్కగైతివి. నాకేం మిగిల్చినవు?"

ఆయన అట్లాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆమె పిల్లను భుజానికెత్తుకొని, చిన్నవాణ్ణి చంకనేసుకొని వెళ్ళిపోయింది. అంజమ్మ భుజం మీది నుంచి, ఎటో తిరిగి, "సారూ, పుట్నాలు ఇయ్యవా?" అని అడుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఆయన జాడీలన్నీ వెనక గుంతలో గుమ్మరించాడు. సర్కారు సామాను పారబోస్తే నౌకరీ పోయేది. డాక్టరు గారు బండి బోల్తా పడి జాడీలు పగిలాయని పైవాళ్ళకు చెప్పి ఆయనను కాపాడారు. ఆ ఒక్కసారి సాబ్ నోరు విప్పలేదు. కొత్త నూనె మాత్రం రాలేదు. మీకు ఇచ్చింది మీరే పాడుచేసుకున్నారు అన్నారట.

తర్వాత ఆయన దవాఖాన మూశాక పల్లెల మీద పడి తిరిగేవాడు. ఎవరింటి వాడిన నీళ్ళు పోయే మోరీ పక్కన కొంచెం తడి ఉన్నా అక్కడ తోటకూర విత్తనాలు చల్లి, రోజూ పిల్లలకు పెట్టమని చెప్పేవాడు. కొన్ని ఇండ్లలో మొలిచాయి. కొన్ని ఇండ్లలో కోళ్ళు తిన్నాయి. "నూనె సారొచ్చిండు" అని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. ఆయన వినబడనట్టే పోయేవాడు.

అంజమ్మ ఇంటికి మొదటిసారి పోయినప్పుడు తల్లి తలుపు వేసుకుందట. రెండోసారి తలుపు వేయలేదు, మాట్లాడనూ లేదు. ఆ తర్వాత అరుగు మీద చెంబుతో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. ఆయన చిన్నవాడి రెప్పలు ఎత్తి చూసి, అంజమ్మ పక్కన కూర్చొని, పుట్నాలు ఒక్కొక్కటిగా అరచేతిలో పెట్టి వచ్చేవాడు. ఇప్పుడు విసిరేవాడు కాదు. చిన్నవాడికి మునగాకు పడింది, వాడి కళ్ళు బాగానే ఉన్నాయి.

గద్వాలకు బదిలీ అయి పోతున్న రోజు నన్ను అడిగాడు. "చెప్పొద్దుండెనా సిస్టర్?"

చెప్పడం వల్ల వరండాలో ఉన్న మిగతా తల్లులు ఆ రోజే ఇండ్లకు పోయి ఆకు పెట్టారు. కొందరు పిల్లల చూపు నిలిచింది. అది నిజం. ఆ ఒక్క తల్లికి మాత్రం ఏమీ చెప్పకుండా ఉండవలసిందేమో, అదీ నిజమే అనిపిస్తుంది. ఇన్నేళ్ళ తర్వాతా ఇంతకంటే నాకు తెలియదు.

కొన్నేళ్ళకు నేను వనపర్తికి వచ్చేశాను. ఆయన జ్వరంతో పోయాడన్న మాట ఆలస్యంగా తెలిసి గద్వాల వెళ్ళాను. మగ్గాల చప్పుడు వినబడే సందులో చిన్న ఇల్లు. ఆయన భార్య నన్ను చూసి లోపలికి రమ్మని, చాప వేసి, చాలాసేపు నా చెయ్యి పట్టుకొని కూర్చుంది. ఆత్మకూరు తీసుకుపోయి మట్టి చేశారట.

"ఆ తిమ్మాజిపేట దిక్కు పిల్ల ఉన్నదంట గద సిస్టర్. ఏరు దాటి పోవాలె, గంత దూరం. అయినా బండి దొరికితె బండిల, లేకుంటె నడిచి, పోకుంట ఉండెటోడు కాదు. ఈ నడుమ జరంతోటి పోలేకపోయిండు. ఆ పిల్ల ఎదురుసూస్తది కావచ్చు. నాకు ఆ ఊరు తెల్వదు. నువ్వు జర పోయి చెప్పవా?"

చెప్తానన్నాను.

నేను ఆ పల్లెకు పోయేసరికి పొద్దెక్కింది. అంజమ్మ వాకిట్లో కూర్చొని ఇసుర్రాయి తిప్పుతూ ఉంది. ఎదిగిన పిల్ల. చెయ్యి తడబడకుండా కందులు పోసి తిప్పుతోంది. తల్లి చేటతో చెరుగుతూ తల ఎత్తి నన్ను చూసింది. నేనింకా నోరు తెరవలేదు. నా ముఖంలో చదివింది. చేట ఆగిపోయింది.

"ఎవరొచ్చిండ్రే అవ్వా?" అని తల్లిని అడిగింది అంజమ్మ.

"దవాఖాన నర్సమ్మ."

ఆ పిల్ల ముఖం విప్పారింది. "సారు రాలేదా నర్సమ్మా? ఈసారి శాన దినాలైంది. మంచిగున్నడా?"

నేను చెప్పబోయాను. తల్లి చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"మంచిగున్నడంట బిడ్డా. దూరం బదిలయిందంట. ఇగ రాలేడంట, చెప్పిపొమ్మన్నడంట."

"నన్ను అడిగిండా?"

తల్లి నా వైపు చూసింది.

"అడిగిండు బిడ్డా" అన్నాను. "మంచిగున్నడు."

అంజమ్మ "గంత దూరం ఎందుకేసిండ్రో" అని గొణుక్కుంటూ మళ్ళీ రాయి తిప్పసాగింది.

తల్లి నా వెంట ఊరి బయట చేనుగట్టు దాకా వచ్చింది. అక్కడ ఆగి, "ఏం రోగమొచ్చె?" అని అడిగింది. జ్వరమని చెప్పాను. "పిల్లజెల్ల ఉన్నరా?" అంది. లేరన్నాను. "ఒక్కతే ఉన్నదా ఆమె" అని, గట్టు మీద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకొని, చప్పుడు రానివ్వకుండా ఏడ్చింది. నేను పక్కన కూర్చోబోతే వద్దని తల ఊపింది.

"నువ్వు పో అమ్మా, నీకు ఎండయితది. నేను జరసేపు ఈడనే కూసుండి పోత. ఇప్పుడే పోతె దానికి నా గొంతుల తెలిసిపోతది."